బొమ్మ వెనుక రాత

గోడకు కొట్టిన మేకు ఖాళీగా ఉంది. నిన్న పొద్దున దానికి వేలాడిన బోర్డు ఇప్పుడు మంచం మీద పడి ఉంది.

పోశవ్వ మంచం పక్కన నేల మీద కూర్చుని బీడీలు చుడుతోంది. నిన్న మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదు. మాట కూడా లేదు.

కృపారాణి గిన్నెలో అన్నం తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"తినవ్వా."

పోశవ్వ ఒడిలోని చాటలోంచి ఆకు తీసింది. తంబాకు పోసింది. చుట్టింది. దారం కట్టింది.

"నా మీది కోపం అన్నం మీద చూపెడితే ఎట్ల?"

"కోపమెందుకు? మంచిగనే చేసిన్రు. అద్దం పెట్టిన్రు. గోడకెక్కిచ్చిన్రు. సచ్చిపోయినోళ్ల ఫోటోకు లెక్క గొలుసు గూడ ఏసిన్రు."

ఇరవై నాలుగు గంటల్లో ఆమె అన్న మొదటి మాటలు అవే.

బోర్డు మూడడుగుల ప్లైవుడ్ ముక్క. దాని మీద ఏడు వరసలు, వరసకు ఆరు కార్డులు. చివరి వరసలో ఐదే. మొత్తం నలభై ఒకటి. ఒక్కోటి అరచేతిలో పట్టేంత. ఓడ, చేపలు, దీపం, గొర్రెల కాపరి. కొడిమ్యాలలో ప్రార్థన జరిగే గుడిసెలో, ఆదివారం బడికి వచ్చిన పిల్లలకు సుశీల పంతులమ్మ వారానికొకటి పంచిన బొమ్మలు. అరవై తొమ్మిదో సంవత్సరం నాటివి. పోశవ్వ అన్న కొమురెల్లి అప్పుడు పదమూడేళ్లవాడు. దొరింట్లో బర్రెలు కాస్తూ జీతం ఉండేవాడు. బర్రెలను బయట కట్టేసి గుడిసెలో వెనుక వరసలో కూర్చునేవాడు.

ప్రతి బొమ్మ వెనుక అతను పెన్సిల్‌తో ఆ రోజు సంగతి ఒకటి రాశాడు. ఇప్పుడు ఆ రాతలన్నీ ప్లైవుడ్ వైపు తిరిగి, గంజిలో ఉన్నాయి.

కృపారాణి భర్త సతీశ్ గడప మీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

"ఎనుక రాత ఉన్నదని కనవడలేదా నీకు?" కృపారాణి అడిగింది. నిన్నటి నుంచి ఇది మూడోసారి.

"కనవడ్డది. చిన్నపిల్లల గీతలనుకున్న."

"చదువాలె గదా."

"గంజి చల్లారుతుండె."

సతీశ్ సిరిసిల్లలో సైజింగ్ పనివాడు. సాంచెల మీదికి, అంటే మరమగ్గాల మీదికి, పోయే నూలు తెగకుండా గంజి పట్టించడం అతని పని. అక్కడ గంజి పొగలు కక్కుతుండగానే పని కావాలి. చల్లారితే పారబోయడమే. పద్నాలుగేళ్లుగా చేతికి అదే అలవాటు. నలభై ఒక్క కార్డులకు అతనికి పావుగంట పట్టింది.

"నేనచ్చినంక చేద్దామన్ననా లేదా?"

"గంజి తెమ్మన్నది నువ్వే."

"తెమ్మన్న. అంటియ్యమన్ననా?"

"గంజి తెమ్మంటే తాగుతందుకా మరి? నువ్వేమో సమ్మె శిబిరంల పాటలు వాడుకుంట కూసుంటివి. ఇంట్ల గంజి సలికి పెరుగైతుండె."

"మీ కొట్లాట మీ ఇంట్ల వెట్టుకోన్రి," అంది పోశవ్వ. ఇద్దరూ ఆగారు.

తెలంగాణ కోసం సమ్మె మొదలై ఇరవై తొమ్మిది రోజులు. ఎల్లారెడ్డిపేటలో కృపారాణి పాఠాలు చెప్పే బడికి తాళం ఉంది. పని లేని రోజుల్లో ఆమెకు తల్లి రేకు డబ్బా గుర్తొచ్చింది. కోరుట్లలో ఈ ఇంటికి వచ్చినప్పుడు, తల్లి బీడీలు అప్పగించడానికి కార్ఖానాకు పోయిన గంటలో, డబ్బాను సంచిలో వేసుకుని సిరిసిల్ల పట్టుకుపోయింది. చిన్నప్పుడు తనకు ఒక్కో బొమ్మ చూపించి కథలా చెప్పిన అమ్మకు, అన్నీ ఒక్కచోట గోడ మీద కనపడాలనుకుంది. డబ్బాలో కార్డుల మధ్య తంబాకు పొడి ఉంది. తుమ్ములు వచ్చాయి. కొంగుతో దులిపి పారేసింది. వెనుక రాతలు తల్లి నోట విన్నవే కదా అని చదవలేదు.

"తంబాకెందుకేసిననుకున్నవ్?" పోశవ్వ అంది. "ఇన్నేండ్లల్ల ఒక్క పురుగు ముట్టలే."

"నాకేం తెలుసవ్వా. నీకు ఆ రాతలన్నీ నోటికే వచ్చు గదా. బొమ్మ చూస్తే చాలు, చెప్తవ్."

"నలభై వచ్చు."

"నలభై ఒకటున్నయి."

పోశవ్వ చాట పక్కన పెట్టింది. ఒడిలోని తంబాకు పొడిని చేత్తో చాటలోకి ఊడ్చింది.

"ఆఖరుది రాదు. అది మా అన్న చదివి చెప్పలే."

కృపారాణి తల్లి ఎదురుగా కూర్చుంది.

"కార్తీకంల ఒక పొద్దున లేపిండు. నాకు ఏడేండ్లు. చేతుల బొమ్మ పెట్టి, ఎవ్వలికి చూపకు పోశీ, నేనచ్చి చదువుత అన్నడు. పోయిండు. దొర మనుషులు వారం దినాలు దేవులాడిన్రు. బొంబాయి పోయిండని ఊరంత అన్నరు. మా అవ్వ గూడ గదే అనుకుంట సచ్చిపోయింది."

"నలభై రెండేండ్లు, అవ్వా."

"నాకు లెక్కలు రావా?"

"నేను టీచర్ను. నీ కండ్ల ముంగటనే ఉన్న. ఒక్కసారి నా చేతికిస్తే చదివి చెప్తుంటి."

"నువ్వు చదివితే ఆయన రాడన్నట్టు."

గోడ అవతల ఎవరో బోరింగు కొడుతున్నారు. కృపారాణి అన్నం గిన్నె మీద మూత పెట్టింది.

సతీశ్ గడప మీంచే అన్నాడు. "ఒకటి వేరే తీరున్నది. అన్ని పెన్సిల్‌తోటి ఉంటే, ఒకటి నీలి సిరాతోటి ఉండె. కింది వరసల ఆఖరుది."

"దొర కొడుకు పెన్ను," అంది పోశవ్వ. "అప్పుడు గూడ తెలంగాణ కావాలని బడులన్ని బందువెట్టిన్రు. జగిత్యాలల చదివే పిల్లగాడు ఇంటికచ్చిండు. ఆయన జేబుల పెన్నుండె."

"పెన్సిల్ నీళ్లకు పోదు," సతీశ్ అన్నాడు. "సిరా..."



కృపారాణి లేచి ఫోన్ తీసింది. జగిత్యాలలో ఫ్రేములు కట్టే శంకరయ్యకు చేసింది. తండ్రి లస్మయ్య పోయినప్పుడు ఫోటోకు ఫ్రేము కట్టింది ఆయనే. ఆమె చెప్పినదంతా విని ఆయన ఒక్కటే అన్నాడు.

"నీళ్లు ముట్టియ్యకున్రి. ఎట్లున్నది అట్ల పట్టుకరాన్రి."

బస్సులు లేవు. బోర్డును దుప్పట్లో చుట్టి ఆటో వెనుక సీట్లో నిలబెట్టారు. పోశవ్వ ఒకవైపు, కృపారాణి ఒకవైపు పట్టుకున్నారు. సతీశ్ డ్రైవర్ పక్కన అంచు మీద కూర్చున్నాడు.

సగం దూరంలో రోడ్డు మీద పొయ్యి కనిపించింది. మూడు రాళ్ల పొయ్యి మీద గుండిగ. ఇటూ అటూ ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. ఆ ఊరివాళ్లు సమ్మెలో భాగంగా రోడ్డు మీదే వంటావార్పు చేస్తున్నారు. మెడలో గులాబీ కండువా వేసుకున్న మల్లయ్య అనే ముసలాయన గరిటెతో ఆటో దగ్గరికి వచ్చాడు.

"దిగున్రి. రెండు ముద్దలు తింటేనే తొవ్వ ఇడుస్తం."

"పెద్దయ్యా, పని మీద పోతున్నం," కృపారాణి అంది. "నేను గూడ సమ్మెల ఉన్న టీచర్నే."

"టీచరువైతే బాగనే అర్థమైతది. తినకుండ పోతే తెలంగాణ రాదు. ఆ దుప్పట్లేంది? బోర్డా? జై తెలంగాణని రాసిన్రా?"

"యేసుప్రభువు బొమ్మలు."

"ఆయన్ను గూడ దింపున్రి. ఐదు రొట్టెలతోటి ఊరందరికి పెట్టినాయన. మాకు బియ్యం తక్కువున్నయి."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పోశవ్వ కూడా నవ్వింది. నవ్వినట్టు ఆమెకు తెలిసి, కొంగు నోటికి పెట్టుకుంది. తర్వాత దిగి, విస్తరి ముందు కూర్చుంది. పప్పన్నం రెండుసార్లు పెట్టించుకుంది.

 తల్లి తింటుంటే కృపారాణి బోర్డు పట్టుకుని ఆటోలోనే కూర్చుంది.

"అప్పుడు గిట్లనే తొవ్వలు బందున్నయి," చేయి కడుక్కుంటూ పోశవ్వ అంది. "బస్సు లేదు, ఏం లేదు. మా అన్న నడిచే పోయిండు."

శంకరయ్య దుకాణంలో కరెంటు లేదు. బొగ్గు రాక, కరెంటు రోజుకు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. తలుపులు రెండూ తెరిచి, వెలుగు పడే చోట బల్ల వేసి, బోర్డును దాని మీద పరిచాడు. గోడల నిండా అద్దాలు. నలుగురు మనుషులు పన్నెండు మందిగా కనిపిస్తున్నారు.

ఆయన అద్దం తీసి పక్కన పెట్టాడు. కార్డు అంచున గోటితో గీకి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూశాడు.

"ఇది ఇంటి గంజి కాదు. దీంట్ల నూనె ఉన్నది."

"సైజింగ్‌ది," సతీశ్ అన్నాడు. "నూలు మెత్తగుండాలని నూనె పోస్తం. పురుగు పట్టదని గదే తెచ్చిన."

"నూలుకు మంచిదే. కాగితానికి కాదు. గీ నల్ల మచ్చలు చూసినవా, నూనె దిగింది. ఇవి ఇగ పోవు." శంకరయ్య గొంతు పెంచలేదు. "పాత కార్డును అంటిచ్చుడే లేదు అల్లుడా. కొత్త గంజైనా, గమ్మైనా. నాలుగు మూలలకు నాలుగు కాగితం జేబులు చేసి, వాటిల దోపాలె. అద్దం కార్డుకు తగలద్దు, నడుమ సందుండాలె. తగిలితే వానకాలం అంటుకపోతది. ఎండ వడే గోడకు కొట్టద్దు. మీరు ఏ గోడకు కొట్టిన్రు?"

"తూర్పు కిటికీ ఎదురుంగ," కృపారాణి అంది. "వెలుగుల మంచిగ కనవడాలని."

"రెండేండ్లల్ల రంగంత పోతుండె."

ఆయన పోశవ్వ వైపు తిరిగాడు.

"నువ్వెట్ల దాచినవ్ చెల్లె ఇన్నేండ్లు?"

"రేకు డబ్బల. తంబాకేసి. చీకట్ల."

"గింతే. నా నలభయ్యేండ్ల పని నువ్వు డబ్బల చేసినవ్."

సతీశ్ పొయ్యి మీద నీళ్లు గోరువెచ్చగా చేశాడు. శంకరయ్య గుడ్డ తడిపి పిండి, మొదటి కార్డు మీద పరిచాడు. మూడు నిమిషాలు చూశాడు. సన్నటి కత్తిని కార్డు కింద దూర్చి, అంచు లేపాడు. గంజి జిగురుగా సాగింది. కార్డు వచ్చింది.

"ఓడ," అంది పోశవ్వ. ఆమె స్టూలు మీద, బల్లకు దూరంగా కూర్చుంది. "ఇయ్యాల వాన. గొంగడి తడిసింది. దొర బర్రె ఈనింది. జున్ను మనకియ్యలే."

కృపారాణి కార్డు తిప్పి చూసింది. వంకర అక్షరాలు. పెన్సిల్ గీత చెరగలేదు. ఒక్క మాట తేడా లేదు.

"గట్లనే ఉన్నదవ్వా."

పోశవ్వ స్టూలును కొంచెం ముందుకు జరిపింది.

రెండో కార్డు దీపం. మూడోది మర్రిపండంత ఎర్ర పూలు. పోశవ్వ చెప్పింది, కృపారాణి సరిచూసింది. నాలుగోది రొట్టెలు.

"ఇయ్యాల అవ్వ గట్క వండింది. నేను కడుపు నిండ తిన్న. రెండుసార్లు పెట్టించుకున్న."

కృపారాణి కార్డు తిప్పింది. 'ఇయ్యాల అవ్వ గట్క వండింది. పోశికే సాలలేదు. నేను తిన్ననని చెప్పిన.'

ఆమె ఇంకోసారి చదివింది. కార్డు అంచు పట్టుకుని ఉన్న శంకరయ్య కూడా చదివాడు. తల దించుకుని గుడ్డ తడపడంలో పడ్డాడు.

"గట్లనే ఉన్నది," అంది కృపారాణి.

తొమ్మిదోది గొర్రెల కాపరి.

"ఇయ్యాల బర్రె తాడు తెంపుకున్నది. నేను ఉరికి పట్టుకచ్చిన. దొర శెభాషన్నడు."

వెనుక మొదటి రెండు వాక్యాలు అవే. మూడోది, 'దొర చెర్నాకోలతోటి కొట్టిండు.'

"గట్లనే ఉన్నదవ్వా," కృపారాణి అంది. ఈసారి కొంచెం త్వరగా అంది.

మధ్యాహ్నం రెండు గంటలకు మొదలుపెట్టిన పని నాలుగున్నరకు చివరి కార్డుకు వచ్చింది. విడిపించిన కార్డులు పాత పత్రికల మీద, బొమ్మ కిందికి, రాత పైకి ఆరుతున్నాయి. నలభై కార్డుల్లో పదకొండు చోట్ల పోశవ్వ చెప్పింది వేరు, రాసింది వేరు. పదకొండుసార్లూ కృపారాణి ఒకే మాట అంది.

నలభై ఒకటోది తెరిచిన తలుపు బొమ్మ. శంకరయ్య గుడ్డ పరచబోయి ఆగాడు.

"నీళ్లు ముట్టిస్తే సిరా పోవచ్చు. ముట్టియ్యకుంటే ఊడదు. ఏం చెయ్యమంటవ్ చెల్లె?"

పోశవ్వ బొమ్మ వైపు చూసింది.

"అంటుకొనే ఉంటే మాత్రం ఏమున్నది," అంది. "తియ్యి అన్నా."

ఆయన గుడ్డను రెండుసార్లు పిండాడు. పది నిమిషాలు పట్టింది. కార్డు లేచింది. తిప్పాడు.

వెనుక అంతా నీలంగా ఉంది. అక్షరం లేదు.

"పోయిందా?" పోశవ్వ అడిగింది. ఎవరి ముఖమూ చూడకుండా అడిగింది.

సతీశ్ వాకిట్లోకి వెళ్లి నిలబడ్డాడు. కృపారాణి కార్డును చేతిలోకి తీసుకుని వెలుగుకు పట్టింది. ఏమీ లేదు.

శంకరయ్య బోర్డు మీద మిగిలిన గంజిని తుడవడానికి గుడ్డ ఎత్తాడు. ఎత్తిన చేయి అక్కడే ఉంది.

"టీచరమ్మా. ఇటు చూడు."

కార్డు ఉన్న చోట ప్లైవుడ్ మీద నీలి గీతలున్నాయి. గంజి వేడిగా ఉన్నప్పుడు సిరా కాగితాన్ని వదిలి చెక్కకు పట్టింది. వరసలుగా ఉంది. కానీ చదవడానికి రావడం లేదు. అంతా తిరగబడి ఉంది.

శంకరయ్య గోడ మీంచి అద్దం ఒకటి దింపి, బోర్డుకు ఎదురుగా నిలబెట్టాడు. తలుపు వెలుగు దాని మీద పడేట్టు తిప్పాడు. అద్దంలో అక్షరాలు సరిగ్గా నిలబడ్డాయి.

కృపారాణి ముందుకు వంగింది. పెదవులు కదిలాయి. తర్వాత కదలడం ఆగింది.

"ఉన్నదా?" పోశవ్వ అడిగింది.

"ఉన్నదవ్వా."

పోశవ్వ స్టూలు మీంచి లేచి, బల్ల దగ్గరికి వచ్చింది. అద్దంలోకి చూసింది. ఆమెకు చదవడం రాదు. నీలి గీతలు చూసింది, వాటి మీదుగా తన ముఖం చూసింది.

"ఆయనచ్చి చదువుతనన్నడు," అంది.

"చదువద్దంటే చదువ."

పోశవ్వ అద్దం అంచును వేలితో తడిమింది.

"చదువు. ఉన్నది ఉన్నట్టు చదువు. ఇందాకటి లెక్క కాదు."

కృపారాణి తలెత్తింది.

"మా అన్న గూడ గట్లనే చదువుతుండె బిడ్డా. దొర శెభాషన్నడని చదివిన రోజు, ఈపుకు పసుపు పెట్టింది నేనే గదా."

కృపారాణి కళ్లు తుడుచుకుంది. అద్దంలోకి చూస్తూ, బడిలో పిల్లలకు చదివినట్టు, మాట మాటకు ఆగుతూ చదివింది.

"పోశీ. నేను సిరిసిల్లకు పోతున్న. సాంచెల కాడ నూలు కండెలు చుట్టే పని ఉన్నదట. జనార్దన్ సేటు కార్ఖానా. బస్టాండు ఎనుక. దొరకు చెప్పకు. నేను రాకుంటే అవ్వను తోలుకొని నువ్వే రా. ఆదివారం బొమ్మ తే."

పోశవ్వ అద్దంలోంచి చూపు తిప్పలేదు.

"ఏ సిరిసిల్ల?" అంది.

సిరిసిల్ల ఒకటే ఉంది. కూతురికి పెళ్లయిన దగ్గర్నుంచి, పదేళ్లుగా, పోశవ్వ ఆ ఊరి బస్టాండులో దిగుతోంది. వచ్చిన ప్రతిసారీ దాని వెనుక సందులోంచే కూతురి ఇంటికి నడుస్తుంది.



సతీశ్ వాకిట్లోంచి లోపలికి వచ్చాడు.

"అత్తమ్మా, జనార్దన్ సేటు లేడు. కొడుకులు నడుపుతున్నరు. మేము గంజి పట్టిన నూలు వాళ్లకే పంపుతం. మొన్న శనివారం గూడ పంపినం."

"పాతోళ్లు ఎవలన్న ఉన్నరా అండ్ల?"

సతీశ్ వేళ్లకు అంటిన గంజిని గోటితో గీకుతూ నిలబడ్డాడు.

"కండెలు పంచే ముసలాయన ఒకాయనున్నడు. మాట తక్కువ. పేరు నేనెన్నడు అడుగలే. అందరు తాతా అంటరు."

శంకరయ్య బోర్డు మీది గంజి తుడవడానికి మళ్లీ గుడ్డ తీసుకున్నాడు.

"తుడువకు అన్నా," అంది పోశవ్వ. "దానికే అద్దం కట్టు. తగలకుంట, నువ్వన్నట్టు సందు పెట్టి కట్టు."

ఆరుతున్న కార్డుల్లోంచి తెరిచిన తలుపు బొమ్మను తీసుకుంది. తడి ఇంకా పోలేదు. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, గడప దగ్గర చెప్పుల్లో కాళ్లు దూర్చింది.

"ఇప్పుడు ఆటో దొరకదవ్వా," కృపారాణి అంది. "పొద్దుగూకుతున్నది. బస్సులు లేవు. రేపు పొద్దున..."

పోశవ్వ అప్పటికే గడప దాటింది.

"దొరకకుంటే నడుద్దాం," అంది. "ఆయన నడిచే పోయిండు."